పందుల సాయిబు రాసిన రిపోర్టు

ఉద్యోగ విరమణ చేసినవాళ్లు రాసే జ్ఞాపకాలు నేను చాలా చదివాను. వాటిల్లో ఒక సుఖం ఉంటుంది. రాసినాయన ఎప్పుడూ ఒప్పే చేసి ఉంటాడు. తప్పులు చేసినవాళ్లంతా ఆయన పైఅధికారులో, కింది ఉద్యోగులో అయి ఉంటారు. నేను రాసేది అలాంటిది కాదని ముందే చెబుతున్నాను. ఇందులో తప్పు నాది. నా చేత్తో, నా తెలివితో, పట్టపగలు నలుగురి ముందు చేసిన తప్పు. దాన్ని కప్పిపెట్టడానికి నాకు చక్కటి అవకాశం కూడా ఇచ్చారు. ఆ అవకాశం నేనెందుకు తీసుకోలేదో పశువైద్య కాలేజీల నుంచి ఈ మధ్యే బయటికొచ్చిన పిల్లలకు చెప్పాలని కూర్చున్నాను. నచ్చకపోతే పక్కన పడేయండి, ఏమీ అనుకోను. నిజానికి అనుకుంటాను, మీకు తెలియనివ్వను.

మాది జగ్గయ్యపేట. మా నాన్నకు హైవే పక్కన టైర్ల పంక్చర్ షాపు ఉండేది. సాయిబుల ఇల్లే అయినా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నేను పశువైద్యం చదివి, టీకాలు తయారుచేసే ప్రభుత్వ ల్యాబ్‌లో చేరాను. చేరిన రోజే నన్ను పందుల టీకాల విభాగంలో వేశారు. వేసిన అధికారి నా పేరు రెండుసార్లు చదివి, "మీకేమన్నా ఇబ్బందైతే చెప్పండి, గొర్రెల సెక్షన్‌కి మార్పిస్తా" అన్నాడు. అంటూ పక్కాయన వైపు చూసి నవ్వాడు. నాకు నిజంగానే కొంచెం ఇబ్బందిగా ఉంది. ఆ నవ్వు చూశాక మాత్రం పోయింది. "ఏ ఇబ్బందీ లేదండి" అన్నాను. ఆ ఒక్క మాట మీద ముప్ఫై ఏళ్లు అదే సెక్షన్‌లో పనిచేశాను.

మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పెరట్లో నాకు విడిగా బకెట్టు, సబ్బు, తువ్వాలు పెట్టింది. "స్నానం చేసి లోపలికి రా. నీ పందుల కబుర్లు అన్నం దగ్గర మాత్రం చెప్పకు" అంది. ఆ తర్వాత ఒక పెళ్లిలో మా మేనమామ పదిమందిలో, "మీవాడికి ఇంకో జంతువే దొరకలేదా అక్కా?" అని ఎగతాళి చేశాడు. "వాడు తినట్లేదుగా, బతికిస్తన్నాడు. మధ్యలో నీకేంటంట?" అని మా అమ్మ అక్కడికక్కడే కడిగేసింది. పేటలో నాకు పందుల సాయిబు అన్న పేరు అప్పుడే స్థిరపడింది. ఇప్పటికీ బజార్లో అదే పేరుతో పిలుస్తారు. పిలవనివ్వండి, నాకేం సిగ్గు లేదు.

ఇక పని సంగతి. పందులకు ఒక వైరస్ జ్వరం వస్తుంది, మేం స్వైన్ ఫీవర్ అంటాం. మనుషులకు అంటదు గానీ, మందలో పడిందంటే దొడ్లకు దొడ్లే ఖాళీ అవుతాయి. మొదట మేత మానేస్తాయి. తర్వాత చలి వేసినట్టు ఒకదాని మీద ఒకటి కుప్పగా పడుకుంటాయి. వెనక కాళ్లు తూలుతాయి. చెవులు వంకాయ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు వచ్చాక ఏ డాక్టరు చేతిలోనూ ఏమీ ఉండదు. రాకముందే టీకా వేయాలి, వేరే దారి లేదు.

పాత టీకాను కుందేళ్లలో తయారుచేసేవాళ్లం. కుందేలుకు వైరస్ ఎక్కించి, దాన్ని చంపి, ప్లీహం తీసి నూరి టీకా చేయాలి. ఒక కుందేలు ఇచ్చే టీకా ఏ మూలకు సరిపోతుంది? మేం తయారుచేసింది పెద్ద ఫారాలవాళ్లకే చాలేది కాదు, కాలనీల్లో నాలుగైదు పందులు పెంచుకునేవాళ్ల దాకా ఏం వస్తుంది? అందుకని అదే వైరస్‌ను గాజు సీసాల్లో పెంచిన కణాల మీద పెంచాలని పట్టుబట్టాం. నాకంటే పన్నెండేళ్లు చిన్నదైన ఒక డాక్టరమ్మ ఆ పని నెత్తినేసుకుంది. వేళకు ఆ కణాలకు ఆహారం మార్చడం, వేడి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం, పండగ రోజు కూడా ల్యాబ్‌కు రావడం, ఇదే ఆమె జీవితం. ఏళ్ల తరబడి ఏడిపించాక వైరస్ ఆ కణాల్లో కుదురుకుంది. ల్యాబ్‌లో పందులకు వేస్తే పనిచేసింది. ఇక బయట, మామూలు దొడ్లలో వేసి చూడాలి.

ఎక్కడ వేయాలన్నప్పుడు మా ప్రాంతం పేరు నేనే చెప్పాను. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఎక్కడెక్కడి లారీలూ ఆగుతాయి. దాబాల్లో మిగిలిన ఎంగిలి డబ్బాల్లో పందులకు వెళుతుంది. ఆ ఎంగిలిలో ఉడికీ ఉడకని మాంసం ముక్క ఒకటి చాలు, జ్వరం దిగబడటానికి. అంతకు ముందు ఏడాది ఆ హైవే పొడవునా దొడ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అందుకని నందిగామ పక్కన ఒక కాలనీ, గరికపాడు వైపు ఒక కాలనీ ఎంచుకున్నాం.

నందిగామ కాలనీలో పెద్దరికం ఒక ఆడమనిషిది. యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక ఒక్క తల్లి పందితో మొదలుపెట్టి దొడ్డి నిండా చేసుకుంది. ఆవిడ ఊఁ అంటే కాలనీ అంతా ఊఁ అన్నట్టే. నేను వెళ్లి కొత్త టీకా గురించి చెబితే, మాట మధ్యలో ఆపేసింది.

"మాకే ముందెందుకు సాయిబు గారూ? పెద్ద ఫారాలోళ్లకి ఏసి చూసుకోండి. మా పందులు చచ్చినా అడిగేవోళ్లు లేరనా?"

"ఫారాలవాళ్లకి పాత టీకా కొంతన్నా దొరుకుద్దక్కా. మీకు అదీ దొరకట్లా. అందుకని మీ దగ్గరకొచ్చా" అన్నాను.

"తేడా వస్తే?"

"తేడా వస్తే నా చొక్కా పట్టుకో."

ఆవిడ నా చొక్కా వంక చూసి, "సరే, ఏద్దాం పట్టండి" అంది.

ఆ కాలనీకి ఇంకో బెడద ఉంది. పక్కనే ప్లాట్లు కొని కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లు పందుల్ని అక్కడి నుంచి లేపేయించాలని అర్జీల మీద అర్జీలు పెడుతున్నారు. అధికార్లు ఏదో ఒక కారణం కోసం చూస్తున్నారు. టీకా వేస్తే రోగాల కాలనీ అన్న మాట పోతుందని ఆవిడ ఆశ. పందులు పోతే ఆ ముప్ఫై ఇళ్లకు వేరే బతుకు తెలియదు.

టీకా రోజు ఒకటే పెట్టెలో ఐసు మధ్య సీసాలు తెచ్చాను. సగం గరికపాడు వైపు కాలనీకి పంపాను, అక్కడి పశువైద్య సహాయకుడితో. అతను బద్ధకస్తుడని పేరు. అందుకని పొద్దున్నే అతన్ని నిలబెట్టి పావుగంట క్లాసు పీకాను. సిరంజి శుభ్రంగా ఉండాలి, దొడ్డికీ దొడ్డికీ మధ్య స్పిరిట్‌తో కడగాలి, ప్రతి పందికీ సూది మార్చాలి, అన్నాను. అతను అన్నిటికీ తల ఊపాడు.

నందిగామలో నేనే వేశాను. మందలకు వేసే ఆ సిరంజిలో టీకా ఒక్కసారి నింపితే చాలా పందులకు సరిపోతుంది. ఒక దొడ్డి అయ్యాక దాంట్లోకి స్పిరిట్ పీల్చి, బాగా ఆడించి, బయటికి కొట్టి, వెంటనే టీకా నింపి తర్వాతి దొడ్డిలోకి దిగేవాణ్ని. సూదుల్ని కూడా స్పిరిట్ గిన్నెలో నుంచే తీశాను. కాలనీ ఆడవాళ్లు పందుల్ని వెనక కాళ్లు పట్టుకుని అదిమిపెడుతుంటే నేను థర్మామీటర్ పెట్టి చూసి, చెవి వెనక పొడుస్తూ పోయాను. చూడ్డానికి వచ్చిన ఆఫీసు గుమస్తా, "గేదెలకి కూడా ఇంత శుభ్రం చేయరు సార్" అన్నాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మా డాక్టరమ్మ ఆ రోజు రాలేదు, పాపకు జ్వరం. వచ్చుంటే నా చెయ్యి పట్టుకుని ఆపేది.

నాలుగు వారాలకు రెండు కాలనీల్లోనూ పందుల రక్తం తీసి ల్యాబ్‌కు పంపాం. ఫలితాలు రాకముందే ఆవిడ ఫోన్ చేసింది. "సాయిబు గారూ, నాలుగు పందులు మేత ముట్టట్లేదు. కుప్పబడి పడుకుంటన్నయ్. ఒకసారి రండి."

వెళ్లాను. దొడ్లోకి దిగగానే వంకాయ రంగుకు తిరిగిన చెవులు కనిపించాయి. అప్పటికే చచ్చిన ఒకదాన్ని అక్కడే కోసి చూశాను. ప్లీహం అంచున నల్లటి మచ్చలు. అనుమానం లేదు, అదే జ్వరం. వారం పదిరోజుల్లో కాలనీలో సగానికి పైగా పందులు పోయాయి. ఆవిడ మొదట తెచ్చుకున్న తల్లి పంది కూడా పోయింది. గొయ్యి తవ్వి సున్నం చల్లుతుంటే ఆవిడ నా పక్కనే నిలబడింది. ఏడవలేదు. "ఆ సీసాల్లో ఉంది మందేనా సాయిబు గారూ, నీళ్లా?" అని మాత్రం అడిగింది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, అది మాత్రం ఆవిడ చూడకుండా జాగ్రత్తపడ్డాను.

తర్వాత రక్త పరీక్షల కాగితాలు వచ్చాయి. గరికపాడు పందుల్లో టీకా బ్రహ్మాండంగా పట్టింది. నందిగామ పందుల్లో దాదాపు ఏమీ లేదు. టీకా వేయనట్టే ఉంది. ఒకే పెట్టె, ఒకే ఐసు, ఒకే రోజు. డాక్టరమ్మ ఆ కాగితాలు నా బల్ల మీద పెట్టి, "మీరే వేశారా సార్, నిజంగా?" అంది. ఆమె మర్యాద తప్పే మనిషి కాదు. అందుకే ఆ ప్రశ్న ఇంకా గట్టిగా తగిలింది.

మా ల్యాబ్ డైరెక్టర్ పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదని ముందే చెప్పాలి. ఆ టీకా కోసం మాతో పాటు ఆయనా చెప్పులరిగేలా తిరిగాడు. తలుపు వేసి, కుర్చీ చూపించి, నెమ్మదిగా చెప్పాడు.

"వచ్చే వారం నందిగామలో రివ్యూ ఉంది. పైనుంచి అధికారి వస్తున్నారు. టీకా ఫెయిలైందని రాస్తే ఈ ఫైలు మళ్లీ ఎవరూ తెరవరు. కాబట్టి ఒక్క లైను రాయండి. 'పెంపకందారులు అప్పటికే జబ్బుపడిన పందుల్ని దాచిపెట్టి టీకా వేయించారు' అని. గరికపాడు రిజల్టు మన చేతిలో ఉంది. టీకా బతుకుతుంది, మీరూ బయటపడతారు."

"వాళ్లు దాచలేదండి. వేసేటప్పుడు ప్రతి పందికీ నేనే థర్మామీటర్ పెట్టి చూశా" అన్నాను.

"మీరు చూశారని ఎవరికి తెలుసు?"

ఆ వాక్యం కాగితం మీదికెక్కితే ఏమవుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. రోగాలు దాచే కాలనీ అని ప్రభుత్వ డాక్టరే రాసిచ్చాక పక్క ప్లాట్లవాళ్లకు ఇంకేం కావాలి? వారం తిరక్కుండా దొడ్లు లేపేస్తారు. నేను రాస్తాననీ అనలేదు, రాయననీ అనలేదు. మర్నాడు సెలవు పెట్టి గరికపాడు వెళ్లాను.

అక్కడి సహాయకుణ్ని పట్టుకుని, "ఆ రోజు నువ్వు ఏమేం చేశావో మొదటి నుంచి చివరిదాకా నాకు చేసి చూపించు" అన్నాను. అతను భయపడ్డాడు. నన్ను దాబా పక్కన టీ కొట్టు దగ్గరకు తీసుకెళ్లాడు. టీ కొట్టాయన గిన్నెలో నీళ్లు మరిగించాడు. ఇతను సిరంజి విప్పి ముక్కలన్నీ అందులో వేశాడు. తీసి, శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టాడు. చల్లారాక బిగించాడు. అప్పుడు నా వైపు చూశాడు.

"స్పిరిట్ ఏదీ?" అన్నాను.

అతను తల దించుకున్నాడు. "సీసా ఇంటికాడనే మర్చిపోయిన సార్. మీకు చెప్తే తిడతరని చెప్పలే. అందుకే ఇట్ల నీళ్లల్ల ఉడకబెట్టిన. తప్పయింది సార్."

అప్పుడు వెలిగింది నాకు. ఇది బతికున్న టీకా. సీసాలో ఉన్నది బలహీనం చేసిన వైరసే, కానీ ప్రాణంతో పంది ఒంట్లోకి వెళితేనే దాని పని జరుగుతుంది. సిరంజిలో మిగిలిన స్పిరిట్ తడి దాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్న మాట. నేను ఎన్నో శిక్షణ తరగతుల్లో బల్ల గుద్ది చెప్పిన మాట. నందిగామలో నా చేతులతో నేను పందులకు పొడిచింది చచ్చిన వైరస్. బద్ధకస్తుడి చేతిలో టీకా బతికింది, నా చేతిలో చచ్చింది.

ల్యాబ్‌కు వెళ్లి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె అదే రకం సిరంజి ఒకటి నా చేతికిచ్చి, "ఆ రోజు చేసినట్టే చెయ్యండి" అంది. నేను స్పిరిట్‌తో కడిగి టీకా నింపాను. ఇంకో సిరంజిని ఆమె నీళ్లలో మరిగించి నింపింది. రెండూ కణాల మీద వేసి కొన్ని రోజులు ఆగి చూశాం. ఆమెదాంట్లో వైరస్ పొంగిపొర్లుతోంది. నాదాంట్లో అలికిడి లేదు. "మూడేళ్లు పెంచానండి దీన్ని" అంది. అని బయటికెళ్లిపోయింది.

మీరు అడుగుతారు, తెలిసి తెలిసి ఎందుకు చేశావు అని. నేనూ నన్ను అదే అడిగాను. పందుల పని కదా అని తేలిగ్గా చేశాడంటారేమో, సాయిబు కదా అని దూరం నుంచి పొడిచాడంటారేమో అని నా భయం. ముప్ఫై ఏళ్లుగా ఆ మాట ఎవరి నోటా రానివ్వకూడదని ప్రతి పనీ అవసరానికి మించి చేస్తూ వచ్చాను. ఆ రోజు గుమస్తా మెచ్చుకుంటే ఇంకాస్త స్పిరిట్ పోశాను. లోపలెక్కడో అసహ్యం కూడా ఉందా అని తవ్వి చూసుకున్నాను. ఉంటే ఉందేమో గానీ, చచ్చిన పంది కడుపులో మోచేతుల దాకా చేతులు పెట్టినప్పుడు నాకెప్పుడూ అడ్డం రాలేదు. నన్ను ముంచింది పొగరు.

అప్పుడు డైరెక్టర్ ఫోన్ చేశాడు. స్పిరిట్ సంగతి డాక్టరమ్మ చెప్పిందట. ఆయన గొంతు మెత్తగా ఉంది. "మీ మంచికే చెబుతున్నా. ఇది రాస్తే జనం సిరంజి గురించి మాట్లాడరు, మీ గురించి మాట్లాడతారు. మీవాళ్లు పంది ముట్టుకోరు కాబట్టే ఇలా జరిగిందంటారు. మీ సర్వీసంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుంది. ఆలోచించుకోండి."

నేను ఆలోచించుకున్నాను. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. వాళ్లు అనబోయే ఆ మాటకు భయపడి ఒకసారి పందుల్ని చంపాను. అదే మాటకు భయపడి ఇప్పుడు ముప్ఫై ఇళ్లను కూడా చంపాలా? నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, అన్నేళ్లు ఆ భయాన్ని మోసిన నా మీద. రిపోర్టు ఆ పూటే రాసి సంతకం పెట్టాను.

రివ్యూ రోజు పొద్దున్నే ముందు కాలనీకి వెళ్లాను. అధికార్లకు చెప్పేలోపు ఆవిడకు చెప్పాలి. ఆవిడ ఖాళీ దొడ్డి కడుగుతోంది. నిలబడే చెప్పేశాను. "మందు మంచిదే అక్కా. సిరంజి స్పిరిట్‌తో కడిగి నేనే దాన్ని పాడుచేశా. తప్పు నాది."

ఆవిడ చీపురు కింద పడేసింది. తర్వాత పావుగంట సేపు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కాలనీ అంతా వచ్చి నిలబడింది. "గరికపాడోళ్ల పందులు బతికినయ్, మాయి చచ్చినయ్! మంచి మందుని మీ చేత్తో చంపి మా దొడ్లో పోశారా? చదువుకున్నోళ్లు కాదూ మీరు?" అంది. అన్నిటికీ నేను తల ఊపాను. ఆవిడ అలిసిపోయాక అడిగింది, "ఈ మాట అక్కడ కూడా చెప్తారా? ఆ ప్లాట్లోళ్లు కూడా వస్తన్నారంటగా?"

"చెప్పడానికే వెళ్తన్నా."

"పదండి, నేనూ వస్తా. చెప్తారో లేదో వింటా."

పశువైద్యశాల హాల్లో పైఅధికారి, మా డైరెక్టర్, డాక్టరమ్మ, పక్క ప్లాట్లవాళ్ల తరఫున నలుగురు పెద్దమనుషులు కుర్చీల్లో ఉన్నారు. కాలనీవాళ్లకు కుర్చీలు లేవు, వరండాలో నిలబడ్డారు. అందుకని నేనూ నిలబడే చదివాను. పొడుగు రిపోర్టేం కాదు. టీకాలో లోపం లేదు. పెంపకందారులు ఏ జబ్బునూ దాచలేదు. సిరంజిని స్పిరిట్‌తో కడిగి టీకాను నిర్వీర్యం చేసింది నేను. ఆ కాలనీలో చచ్చిన పందులకు బాధ్యత నాది. కింద రెండు సిరంజిల పరీక్ష ఫలితం జతచేశాను.

డైరెక్టర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ప్లాట్లవాళ్లలో ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, ఎంతో జాలిగా అన్నాడు. "ఆయన్నేం అనకండి సార్. వాళ్ల మతానికి పంది ముట్టుకోవడమే కష్టం కదా, పాపం అందుకే అంతంత కడుక్కుని ఉంటారు. అసలు అలాంటాయన్ని ఈ పనికి పంపడమే తప్పు."

ముప్ఫై ఏళ్లు ఏ మాట వినకూడదని ఒళ్లు దగ్గర పెట్టుకుని బతికానో ఆ మాట వచ్చేసింది. విచిత్రం ఏమిటంటే, వచ్చాక దాంట్లో ఏమీ లేదు.

"నేను కడిగింది సిరంజినండి, చేతుల్ని కాదు" అన్నాను. "ఈ చేతులతో కోసి చూసినన్ని పందుల్ని మీరు దూరం నుంచి కూడా చూసి ఉండరు. తప్పు చేశా, ఒప్పుకున్నా. మెమో ఇస్తే తీసుకుంటా. సస్పెండ్ చేస్తే ఇంటికెళ్తా. కానీ ఈ తప్పు నాది. మా ఇంటిది కాదు, మా మసీదుది కాదు. మీ జాలి మీ దగ్గరే ఉంచుకోండి."

పైఅధికారి, "కూల్ డౌన్, కూల్ డౌన్" అన్నాడు. ఈలోపు వరండాలో నుంచి ఆవిడ గొంతు లేచింది.

"ఆయన ముట్టుకోలేదా? మా దొడ్లో పంది చస్తే మొకాళ్ల మీద కూకొని కోసి చూశాడు. గొయ్యిలోకి మాతోపాటు ఈడ్చాడు. మీరు ఏనాడన్నా మా కాలనీ గుమ్మం తొక్కారా అయ్యా? ముక్కు మూసుకొని కారద్దాలెత్తుకు పోతారు!" అంది. తర్వాత నా వైపు తిరిగి, అదే గొంతుతో, "మీరేం మురిసిపోమాకండి సాయిబు గారూ. నా పందుల్ని చంపింది మాత్రం మీరే" అంది.

నవ్వు ఆపుకోలేక పైఅధికారి కాగితాల్లో తల పెట్టుకున్నాడు. డాక్టరమ్మ లేచి రెండు సిరంజిల సంగతి వివరించింది. అన్నీ విన్నాక ఆయన, కాలనీని తప్పుపట్టే మాట రిపోర్టులో ఒక్కటీ లేదని ప్లాట్లవాళ్లకు స్పష్టంగా చెప్పాడు. టీకా మళ్లీ వేసి చూడమన్నాడు, పెంపకందారులు ఒప్పుకుంటేనే. అందరూ ఆవిడ వైపు చూశారు. "ఆలోచించి చెప్తాం" అని ఆవిడ తన మనుషుల్ని తీసుకుని వెళ్లిపోయింది.

నాకు మెమో వచ్చింది. రావాల్సిన పదోన్నతి రాలేదు. ఆ తర్వాత డైరెక్టర్ నాతో అవసరానికి మించి ఎప్పుడూ మాట్లాడలేదు. మీలో ఎవరైనా నిజం చెబితే చివరికి పూలదండ వేస్తారని అనుకుంటుంటే, ఆ భ్రమ ఇక్కడే వదిలేయండి. దండలేమీ రావు. రాకపోయినా అన్నం సహిస్తుంది, నాకు బాగానే సహించింది.

రెండు నెలల తర్వాత ఆవిడ ఫోన్ చేసింది. మైలవరం వైపు బంధువుల దగ్గర నుంచి పందిపిల్లల్ని తెచ్చుకున్నారట, టీకా వయసుకు వచ్చాయట. "రెండు షరతులు. ఒకటి, మీరే ఎయ్యాలి. ఇంకొకళ్లని పంపితే దొడ్లోకి రానియ్యను. రెండు, సిరంజి నేను చూస్తా."

"నేనే ఎందుకక్కా?" అన్నాను.

"తప్పెక్కడ జరిగిందో తెలిసినోడివి నువ్వొక్కడివేగా" అంది. ఆవిడ నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

ఫలితం ముందే చెప్పేస్తాను. ఈసారి రక్తాలన్నిటిలో టీకా పట్టింది. మరుసటి ఏడాది హైవే పొడవునా మళ్లీ జ్వరం వచ్చినా ఆ కాలనీలో ఒక్క దొడ్డీ ఖాళీ కాలేదు. పందులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పక్క ప్లాట్లవాళ్లు ఇప్పటికీ అర్జీలు పెడుతూనే ఉన్నారు. కానీ నాకు గుర్తుండిపోయింది టీకా వేసిన ఆ రోజు.

ఆవిడ దొడ్డి ముందు మూడు రాళ్ల పొయ్యి పెట్టి, పెద్ద గిన్నెలో నీళ్లు మరిగిస్తూ కూర్చుంది. గరికపాడు సహాయకుణ్ని కూడా తీసుకెళ్లాను, సిరంజి ఎలా ఉడకబెట్టాలో నాకు చూపించడానికి. అతను ఆ రోజు మహా ఠీవిగా ఉన్నాడు. ప్రతి దొడ్డికీ ముందు సిరంజి ఉడికి, ఆరి, చల్లారాక నేను బిగించేవాణ్ని. టీకా నింపబోయేలోపు ఆవిడ చెయ్యి చాచేది. సిరంజి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చేది. "ఊఁ, కానియ్యండి" అనేది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నా పనిని అంత దగ్గరగా తనిఖీ చేసిన అధికారి లేడు. ఒకసారి మాత్రం, "ఇదేందో వాసనొస్తంది" అంది. నేను పీల్చి చూశాను, నాకేమీ తెలియలేదు. అయినా వాదించలేదు. విప్పి మళ్లీ గిన్నెలో వేశాను. అందరం ఎండలో నిలబడి అది ఉడికేదాకా ఆగాం.

చివరి పందిపిల్లకు కూడా వేశాక ఆవిడ మళ్లీ చెయ్యి చాచింది. ఇక వేయాల్సింది ఏమీ లేదు, అయినా ఇచ్చాను. ఖాళీ సిరంజిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకోసారి వాసన చూసి, నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు కడుక్కోండి సాయిబు గారూ, మీ ఇష్టమొచ్చినంత!"